బిళ్ళలేని రీళ్ళ డాక్టరు

థర్మన్ ఫారోను ఊళ్ళో అందరూ డాక్టరుగారనే పిలుస్తారు. చదివింది హైస్కూలు. అదీ చివరి ఏడాది తుఫాను వచ్చి పరీక్షలు ఎత్తేయబట్టి గట్టెక్కింది. ఆయన వైద్యమంతా గాలపు కర్రకు దారం చుట్టే రీళ్ళకే. అమెరికా తూర్పు తీరాన హట్టెరాస్ దీవిలో, బక్స్‌టన్ ఊరి గాలాల దుకాణంలో, వెనక బల్ల దగ్గర ముప్పై ఏళ్ళుగా కూర్చుని ఉప్పునీళ్ళు తాగిన రీళ్ళను విప్పుతాడు, కడుగుతాడు, నూనె రాస్తాడు, మళ్ళీ బిగిస్తాడు. ఆ చేతికి వంక పెట్టేవాడు దీవి మొత్తం మీద లేడు. నోటికి మాత్రం అందరూ పెడతారు. ఆ మహానుభావుడు ప్రవచనం చెప్పనిదే రీలు అమ్మడు మరి.

ఆ వారం మొదట్లో ఆయనకు దొరికిపోయినవాడు ఒహాయో నుంచి వచ్చిన పళ్ళ డాక్టరు.

"పెద్దాయనా, ఒక మంచి రీలు ఇప్పించండి," అన్నాడు పాపం.

థర్మన్ కళ్ళజోడు ముక్కు చివరికి దింపాడు. "మంచి రీలా? మంచి మొగుడని ఎక్కడన్నా ఉంటాడా బాబూ? ఎవరికి అన్నది తేలాలి గదా ముందు. ఏ చేపకి?"

"మంచి మొగుడి సంగతి నన్నడుగు, నే చెప్తా," అంది గల్లాపెట్టె దగ్గర నుంచి లొరీన్. లొరీన్ ఆయన భార్య. దుకాణం ఆవిడ పుట్టింటివాళ్ళది, అందుకని ఆవిడ మాటకు అక్కడ ఎదురు లేదు.

"ఏ చేపైనా సరేనండీ. అన్నిటికీ పనికొచ్చేది ఇవ్వండి."

"అన్నిటికీ పనికొచ్చేది దేనికీ పనికిరాదు." థర్మన్ వేలు పైకి లేచింది. ఆ వేలు లేచిందంటే అరగంట పడుతుందని ఎరిగిన పాత ఖాతాదారులు ఇద్దరు మెల్లగా కాఫీ కుండ వైపు జరిగారు. "ఇట్లా చూడు. ట్యూనా ఉందనుకో, అది అడుక్కి దిగి కూర్చుంటది. దాన్ని పైకి తోడాలంటే రెండు గేర్ల రీలు కావాలి. వంజరం జాతిదనుకో, దానిది పరుగే పరుగు. మూతి మెత్తన. బ్రేకు బిగించావా, గాలం మూతి చీల్చుకుని ఊడొస్తది. దానికి మెత్తటి బ్రేకు, బోలెడంత దారం. మన ఎర్ర డ్రమ్ము చేప ఆ రెండిట్లో చేరదు. ఒడ్డుకి నూరు గజాల అవతల, ఇసుక మిట్ట వెనకాల మేస్తది. ముందు నీ ఎర అక్కడ పడాలి. కాబట్టి రీలు చిన్నది, దారం చుట్టుకునే కండె తేలికది, విసిరితే సాఫీగా తిరిగేది కావాలి. చేప పడ్డాక మాత్రం అరగంట గుంజినా బ్రేకు వేడెక్కి చేతులెత్తేయకూడదు. అర్థమయిందా?"

"అయిందండీ. ఇంతకీ మీరు పట్టిన డ్రమ్ముల్లో పెద్దది ఎంత ఉంటుంది?"

దుకాణంలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా పైకప్పు వంక చూశారు.

"ముప్పై తొమ్మిదిన్నర అంగుళాలు," అంది లొరీన్. "మూడుసార్లు."

"పళ్ళ డాక్టరువి గదా, నీ నోట్లో పిప్పిపళ్ళుంటేనే వైద్యం చేస్తున్నావా?" అని థర్మన్ కసిరి, ఒక రీలు తీసి అతని చేతిలో పెట్టాడు. అది సరిగ్గా అతనికి కావలసిన రీలే. ఆ విషయంలో మాత్రం డాక్టరుగారు తప్పడు.

నవ్వుకోవడానికి కారణముంది. దీవిలో ఒక డ్రమ్ము క్లబ్బు ఉంది. నలభై అంగుళాలు, ఆపైన ఉన్న డ్రమ్మును ఒడ్డు నుంచి పట్టి, ఇద్దరు సాక్షుల ముందు తడి ఇసుక మీద కొలిచి, బతికుండగానే నీళ్ళలో వదిలినవాడికి క్లబ్బు ఒక ఇత్తడి బిళ్ళ ఇస్తుంది. దాన్ని టోపీకి గుచ్చుకుంటారు. ఊళ్ళో మీసం వచ్చినవాడికల్లా ఉంది. మీసం రాని పాస్టరుగారి భార్యకు రెండున్నాయి. ముప్పై ఏళ్ళుగా అందరి రీళ్ళూ బాగుచేసిన థర్మన్‌కు లేదు. నలభై అంగుళాలంటే ఆయన గాలానికి ఏదో పగ. ముప్పై తొమ్మిదిన్నర దాకా వచ్చి ఆగిపోతుంది.

దీని మీద మరో వేడుక ఏమిటంటే, ఆ బిళ్ళలు రాసిచ్చే క్లబ్బు పుస్తకం ఆయన దగ్గరే ఉంటుంది. బిళ్ళ లేనివాడైతే పోటీ ఉండదు, పక్షపాతం ఉండదని ఇరవై రెండేళ్ళ కిందట క్లబ్బువాళ్ళు ఆయనకు అంటగట్టారు. ఆయన దాన్ని గౌరవం అనుకుని పుచ్చుకున్నాడు. వచ్చినవాణ్ణి నిలబెట్టి మూడు ప్రశ్నలు అడుగుతాడు. ఎంత పొడుగు? ఎక్కడ పట్టావు? గాలం తగిలిన దగ్గర నుంచి చేప ఒడ్డెక్కేదాకా మరో మనిషి చెయ్యి కర్రకు గానీ రీలుకు గానీ దారానికి గానీ తగిలిందా? మూడోదానికి తగిలిందంటే అంతే సంగతులు. కొట్టివేత.

అలా కొట్టివేసినవాటిలో ఎల్వుడ్ పీల్ చేప ఒకటి. ఎల్వుడ్ ఫెర్రీ నడిపి రిటైరైనవాడు. తొమ్మిదేళ్ళ కిందట యాభై ఒక్క అంగుళాల డ్రమ్ము పట్టాడు. మధ్యలో అల వచ్చి రబ్బరు బూట్లలో నీళ్ళు నిండి బోర్లా పడితే, పక్కనున్న బావమరిది కర్ర కొట్టుకుపోకుండా పట్టుకున్నాడు. "ఎంతసేపు పట్టుకున్నాడురా? నువ్వు తుమ్మినంతసేపు!" అని ఎల్వుడ్ బల్ల గుద్దాడు. థర్మన్ కొట్టేశాడు. ఆనాటి నుంచి ఎల్వుడ్ ఆ దుకాణం గడప తొక్కలేదు. ఎరకూ గాలానికీ నలభై మైళ్ళు పోయి వస్తాడు. ఆ చేపను రూలు చూసి కాదన్నాడో, యాభై ఒకటి అన్న అంకె విని కడుపుమంటతో కాదన్నాడో థర్మన్‌కే ఇప్పటికీ తేలలేదు. తనలాంటివాడికి ఆ పుస్తకం అప్పగించినవాళ్ళను అనాలి అని అప్పుడప్పుడు అనుకుంటాడు.

బుధవారం నాడు ఎముకల డాక్టరు, అంటే నిజం డాక్టరు, థర్మన్ కుడి భుజం ఫొటో చూసి పెదవి విరిచాడు. లోపల నరాలు పీలికలయ్యాయట. వచ్చే మంగళవారం కోస్తాం, ఆ తర్వాత కాఫీ కప్పు ఎత్తుకోవచ్చు, మనవల్ని ఎత్తుకోవచ్చు, గాలపు దారానికి కట్టే ఎనిమిది ఔన్సుల సీసం గుండు విసరడం మాత్రం ఈ జన్మకు లేదు అన్నాడు. థర్మన్ ఇంటికి వస్తూ వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. గాలివాటం చూస్తే ఒక్క శనివారమే పనికొస్తుంది. బిళ్ళ వస్తే ఆ రోజు రావాలి, లేకపోతే ముప్పై తొమ్మిదిన్నరతోనే మట్టిలో కలవాలి.

"శనివారం నేను పాయింట్‌కి పోతున్నా," అన్నాడు లొరీన్‌తో.

"భుజం?"

"ఎలాగూ కోస్తారు గదా. కోసేదానికి జాగ్రత్త ఎందుకు?"

లొరీన్ ఆయన్ని ఎగాదిగా చూసింది. "పో. పోకపోతే చచ్చేదాకా నా బుర్ర తింటావు."

రెండు రోజులు దుకాణం పని పక్కన పెట్టి తన రీలు తయారు చేసుకున్నాడు. రోగి, వైద్యుడు ఒకడే అయితే ఏమవుతుందో ఆయనకు తట్టలేదు. బేరింగులు మార్చాడు. బ్రేకుకు కొత్త బిళ్ళలు వేశాడు. అంతటితో ఆగితే బాగుండేది. కండె విప్పి, పాలిష్ ముద్ద రాసి, మెత్తటి గుడ్డతో గంటన్నరసేపు తోమి అద్దం చేశాడు. దారం చుట్టేశాక ఆ అద్దం ఎవడికీ కనపడదు. అయినా తోమాడు.

"మన పెళ్ళి ఉంగరం కూడా ఇంత తోమలేదు నువ్వు," అంది లొరీన్.

"ఉంగరంతో డ్రమ్ము పడుద్దా?"

శనివారం మధ్యాహ్నానికి ఈశాన్యపు గాలి తగ్గి, నీళ్ళు పాలు కలిపిన టీ రంగులోకి తిరిగాయి. పాయింట్ అంటే దీవి మొనదేలి సముద్రంలోకి పోయే చోటు. రెండు ప్రవాహాలు అక్కడ కొట్టుకుంటాయి. టైర్లలో గాలి తీసిన ట్రక్కులు ఇసుక మీద బారుగా ఆగి ఉన్నాయి. ముప్పైమంది దాకా భుజం భుజం రాసుకుంటూ నిలబడ్డారు. అక్కడ విసిరితే సూటిగా విసరాలి. పక్కవాడి దారం మీద పడితే వాడి తాతముత్తాతల దాకా తిట్టిపోస్తారు.

థర్మన్‌కు దొరికిన ఖాళీ ఎల్వుడ్ పక్కన. ఆ పక్క ఎవరూ నిలబడరు, ఎందుకంటే ఎల్వుడ్ పెద్ద గొంతుతో పాడుతాడు. పాడుతున్నవాడు థర్మన్‌ను చూసి పాట ఆపాడు.

"ఒరే ముర్రే," అని అవతలి పక్కనున్నవాణ్ణి పిలిచాడు. తొమ్మిదేళ్ళుగా థర్మన్‌తో మాట్లాడాల్సివస్తే మధ్యలో ఎవరినో పెట్టి మాట్లాడడం ఆయన అలవాటు. "డాక్టరుగారు ఊరి నుంచి ఇక్కడిదాకా వచ్చాడేంట్రా? కేసు సీరియస్సా?"

"ముర్రే, ఆ పక్కాయన చేతిలో ఉన్నది రీలా, కాఫీ గింజలు విసిరే మిల్లా అని అడుగు," అన్నాడు థర్మన్.

ఎల్వుడ్ చేతిలో ఉన్నది పెద్ద పొట్ట రీలు, దారం పక్క నుంచి చుట్టలు చుట్టలుగా జారేది. దాంతో దూరం పోదని, డ్రమ్ముకు అది పనికిరాదని థర్మన్ ముప్పై ఏళ్ళుగా ఊరికి చెబుతున్నాడు. ఆ రీలుతోనే ఎల్వుడ్ యాభై ఒకటి పట్టాడన్నది ఆ ప్రవచనంలో రాదు.

థర్మన్ విసిరాడు. భుజంలో మెరుపు మెరిసినట్టయింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ రీలు పాడింది! కండె గుయ్యిమంటూ తిరిగి తిరిగి, సీసం గుండు ముప్పైమంది గుండ్లనూ దాటుకుని మిట్ట అవతల పడింది. వరసలో ఒకరిద్దరు ఈల వేశారు. థర్మన్ ఏమీ ఎరగనట్టు ముక్కు గోక్కున్నాడు. లోపల మాత్రం పదహారేళ్ళ కుర్రాడైపోయాడు.

నాలుగోసారి విసిరినప్పుడు పడింది. కర్ర ఒక్క గుంజుకు వంగింది. ఆ బరువు చేతికి తగలగానే తెలిసిపోయింది, ఇది ముప్పై తొమ్మిదిన్నర కాదు.

"పడింది!" అని అరిచాడు. ఆ కేక తనదేనని ఆయనే పోల్చుకోలేకపోయాడు. అటూ ఇటూ ఉన్నవాళ్ళు ఆనవాయితీ ప్రకారం దారాలు చుట్టేసుకుని దారి ఇచ్చారు. చేప దక్షిణం వైపు పరుగు తీసింది. థర్మన్ బ్రేకు కాస్త బిగించాడు. దారం పోతూనే ఉంది. ఇంకాస్త బిగించాడు. పోతూనే ఉంది. చివరికంటా బిగించాడు. ఏమీ తేడా లేదు. ఇదేం చోద్యమని పిడి తిప్పాడు. పిడి హాయిగా తిరిగింది. ఇటు రీలు లోపలికి చుడుతోంది, అటు దారం బయటికి పోతోంది.

అప్పుడు అర్థమయింది. 

ఆయన చుట్టింది అల్లిన దారం, అది నున్నగా ఉంటుంది. దాన్ని ఉత్త కండె మీద చుడితే పట్టు ఉండదు. అడుగున నాలుగు వరసలు మామూలు నైలాను దారమో, గరుకు టేపు ముక్కో వేసి దాని మీద చుట్టాలి. లేకపోతే బరువు పడగానే దారం చుట్టంతా కలిసి కండె మీద గుండ్రంగా జారిపోతుంది. ఇది రీళ్ళ చదువులో ఒకటో పాఠం. వారం మొదట్లో ఒహాయో పళ్ళ డాక్టరు రీలుకు దారం చుట్టిస్తూ వేలెత్తి మరీ చెప్పాడు. తన రీలు దగ్గరికి వచ్చేసరికి, తోముడు మైకంలో పడి, టేపు సంగతి గాలికి వదిలేశాడు. చెప్పేవన్నీ శ్రీరంగనీతులే. పైగా ఉత్త కండె అయినా కాస్త ఆగేదేమో, గంటన్నర తోమి అద్దం చేసిపెట్టాడయ్యె.

బొటనవేలితో దారం చుట్టను అదిమిపట్టాడు. వేలికి తోలు తొడుగు ఉండబట్టి సరిపోయింది. చేప నిలిచింది. ఆపగలడు, లాగలేడు. వెనక్కి నడిచాడు, ఎనభై అడుగులు, ఇసుక దిబ్బ దాకా. చేప ఎనభై అడుగులు వచ్చింది. ఇప్పుడు ముందుకు నడుస్తూ దారం చుట్టుకోవాలి. చుట్టాలంటే చేప ఒక్క క్షణం దారం వదులు చేయాలి. ఆ చేప అంత మర్యాద తెలిసింది కాదు. దిబ్బకు వీపు ఆనించి, గేదెను పలుపుతాడుతో పట్టుకుని సంతలో నిలబడ్డవాడిలా నిలబడిపోయాడు. భుజం సలిపేస్తోంది.

ముప్పైమందీ చూస్తున్నారు. "డాక్టరుగారూ, నాడి దొరకలేదా?" అని ఎవడో అరిచాడు. నవ్వులు. ఇదే గతి మరొకడికి పట్టి ఉంటే తానే ముందు నవ్వేవాడు, నిజానికి ఇప్పుడు కూడా సగం నవ్వొచ్చింది. మిగతా సగం ఏడుపు.

ఎల్వుడ్ ఒక్కడే నవ్వలేదు. ఇసుకలో కాళ్ళీడ్చుకుంటూ దిబ్బ దాకా వచ్చి రీలు వంక చూశాడు. ఒక్క చూపుతో పోల్చేశాడు.

"టేపు వెయ్యలేదా?" తొమ్మిదేళ్ళ తర్వాత నేరుగా అన్న మొదటి మాట అది.

"వెయ్యలేదు."

"నువ్వు!"

"నేనే. కొట్టు, రెండు దెబ్బలు కొట్టు."

"కొట్టడానికి తర్వాత వస్తా. నీ వేలు ఇంకెంతసేపు ఆగుద్ది? అది తెంపుకుని పోతే రెండొందల గజాల దారం ఈడ్చుకుంటా ఏ ఓడ శిథిలం కింద చిక్కుకుని చస్తదో. నేను చేపను చూసి వచ్చా, నిన్ను చూసి కాదు." ఎల్వుడ్ తన కాఫీ మిల్లు ఉన్న కర్రను ఇసుకలో గుచ్చాడు. "నీ దారం కోసి నా దారానికి ముడేస్తా. కానీ చెయ్యి తగుల్తది. చెప్పు, రిజిస్ట్రారుగారూ. వెయ్యనా, వద్దా?"

అలా అడగడంలో ఎల్వుడ్‌కు కాస్త మజా లేకపోలేదు. థర్మన్ నీళ్ళ వంక చూశాడు. దూరంగా ఎర్రటి తోక ఒకసారి నీటి మీద తేలి మునిగింది. చీపురంత వెడల్పుంది.

"వెయ్యి," అన్నాడు.

ఎల్వుడ్ తువ్వాలు చుట్టిన ఎడమచేత్తో దారం పట్టి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ముర్రే పరుగెత్తుకొచ్చి ఆయన నడుం పట్టుకున్నాడు. ఎల్వుడ్ దారం కోసి, తన దారంతో కలిపి ఐదు మెలికలు వేసి, నోటితో తడిపి బిగించాడు. చేప ఒక్క ఊపు ఊపితే దారం తువ్వాలును కోసి అరచేతిలో దిగింది. ఎల్వుడ్ ఒక బూతు మాట అన్నాడు గానీ ముడి వదల్లేదు. "ఇంద, పట్టు," అని తన కర్రను థర్మన్ చేతిలో పెట్టాడు.

పొట్ట రీలుకు పిడి ఎడమవైపు. థర్మన్ అలవాటు కొద్దీ కుడివైపు గాల్లో తిప్పాడు. మళ్ళీ నవ్వులు. "అటు కాదు గురువుగారూ, ఇటు!" అని ఎల్వుడ్ చెయ్యి చూపించాడు. అప్పుడు థర్మన్‌కు తెలిసిన ఇంకో సంగతి ఏమిటంటే, చెడిన భుజానికి ఎడమచేత్తో తిప్పే ఆ వెధవ రీలే సుఖంగా ఉంది. ఆ మాట చచ్చినా బయటికి అనకూడదనుకున్నాడు.

అరగంట పట్టింది. చేప అల మీద తేలి వచ్చి ఇసుక మీద పడింది. రాగి రంగు ఒళ్ళు, తోక దగ్గర నల్లచుక్క. ముర్రే తడి ఇసుక మీద కొలత టేపు పరిచాడు. నలభై ఆరు అంగుళాలు. మళ్ళీ కొలిచాడు. నలభై ఆరే.

థర్మన్ దాన్ని రెండు చేతులా పట్టుకుని మోకాలిలోతు నీళ్ళలోకి తీసుకెళ్ళి, మూతి అలకు ఎదురుపెట్టి ఆగాడు. దానికి ఊపిరి అందింది. తోక ఒకసారి ఆయన తొడ మీద కొట్టి వెళ్ళిపోయింది. ఆయన నీళ్ళలోనే నిలబడి, టోపీ తీసి మొహం తుడుచుకున్నాడు. టోపీ ముందుభాగం బోసిగా ఉంది.

సాయంత్రం నాలుగింటికి దుకాణం కిటకిటలాడింది. లొరీన్ బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, వేయించిన పందికొవ్వు ముక్కలు వేసిన చేపల పులుసు కుండ స్టవ్వు మీద పెట్టింది. కబురు అప్పటికే ఊరంతా పాకింది. తొమ్మిదేళ్ళ తర్వాత ఎల్వుడ్ పీల్ గడప దాటి లోపలికి వచ్చాడు. ఎడమచేతికి రక్తం మరకల తువ్వాలు. పులుసు గిన్నె తీసుకుని, రీళ్ళ బల్ల ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"కానీ, పుస్తకం తియ్యి," అన్నాడు.

థర్మన్ తన ప్రశ్నలు తనే అడుక్కుంటే బాగుండదని, అడిగే పనికి లొరీన్ కళ్ళజోడు పెట్టుకుంది. "ఎంత పొడుగు?"

"నలభై ఆరు," అన్నారు పదిమంది.

"ఎక్కడ?"

"పాయింట్!"

"గాలం తగిలిన దగ్గర నుంచి..." అని లొరీన్ చదువుతూ ఆగింది. ఆవిడకు ఆయన్ని చూస్తే జాలేసింది. గబగబా ముగించింది. "ఇంకో మనిషి చెయ్యి తగిలిందా?"

 ముర్రే తన బూట్లు చూసుకున్నాడు. "నాకు కళ్ళలో ఇసుక పడిందమ్మా, నేను చూళ్ళేదు," అన్నాడు. "నాకూ పడింది," అన్నాడు ఇంకొకడు. ఊరంతటికీ ఒకేసారి ఇసుక పడింది. లొరీన్ సొరుగులోంచి ఒక ఇత్తడి బిళ్ళ తీసి బల్ల మీద పెట్టింది.

అందరూ ఎల్వుడ్ వంక చూశారు. ఆయన పులుసు గిన్నె కింద పెట్టాడు.

"థర్మన్, ఒక మాట. నేనూ చెయ్యి వెయ్యలేదంటా. సంతకం పెడతా. నువ్వు ఆ పాత కాగితం తీసి, నా యాభై ఒకటి కూడా రాసెయ్యి. నాకోటి, నీకోటి. చెల్లుకి చెల్లు. ఇంతమంది ఉన్నారు, కాదనేవాడెవడు?"

"ఎవడూ లేడు!" అన్నారు నలుగురు. "రాసెయ్యి డాక్టరూ! ఇద్దరి పీడా వదులుద్ది!"

థర్మన్ బిళ్ళను చేతిలోకి తీసుకున్నాడు. అరచేతిలో ఇమిడిపోయింది, ఇంత తేలిగ్గా ఉంటుందని అనుకోలేదు. ఇరవై రెండేళ్ళలో ఎన్నో రాసిచ్చాడు గానీ ఒక్కటీ పట్టుకుని చూడలేదు. కావాలని ఉంది. నిజం చెప్పాలంటే నోరు తెరిచి ఏడ్చేంత కావాలని ఉంది. ఒక్క చిన్న అబద్ధం. ఊళ్ళో ఎవడికీ నష్టం లేదు, చేపకు నష్టం లేదు. తొమ్మిదేళ్ళ మౌనం కూడా తీరిపోతుంది. మంగళవారం తర్వాత ఇంకో అవకాశం రాదు.

ఎల్వుడ్ చేతి తువ్వాలులోంచి ఒక చుక్క రక్తం జారి బల్ల మీద పడింది. ఎల్వుడ్ దాన్ని మోచేత్తో తుడిచేశాడు, ఎవరూ చూడలేదనుకుని.

థర్మన్ బిళ్ళను సొరుగులో పడేసి సొరుగు మూశాడు. పుస్తకం తన వైపు తిప్పుకుని, కుడిచెయ్యి లేవకపోతే ఎడమచేత్తో వంకరటింకరగా రాశాడు. ఫారో, థర్మన్. నలభై ఆరు. పాయింట్. మరో మనిషి చెయ్యి తగిలింది. కొట్టివేత. కారణం అన్నచోట కాసేపు ఆలోచించి, 'రీలు కట్టినవాడు తెలివితక్కువవాడు' అని రాశాడు.

"నీకేమన్నా పిచ్చా?" అంది లొరీన్.

"ఉంది."

"మరి నాది?" అన్నాడు ఎల్వుడ్. 

"నీదీ అంతేరా. మీ బావమరిది పట్టుకున్నాడు గదా." థర్మన్ తలెత్తలేదు. "ఎల్వుడ్, ఇంకో సంగతి కూడా విను. ఆ రోజు నీ చేపను చూసి నాకు ఏడుపుగానే ఉంది. చచ్చేంత ఏడుపు. అందుకే కాదన్నానేమో అని ఇన్నాళ్ళూ నాకే అనుమానం. నీకు ఎదురుపడలేకపోయా."

 ఎల్వుడ్ పుస్తకంలోని ఆ వంకర అక్షరాల వంక చూశాడు. ఒకటికి రెండుసార్లు చదివినట్టున్నాడు. తర్వాత భుజాలు కదిలాయి. కోపమో నవ్వో మొదట ఎవరికీ తెలియలేదు.

"ఓరి నీ బతుకు చెడ!" అన్నాడు. "తొమ్మిదేళ్ళు నిన్ను తిట్టుకుంటా తిరిగానురా నేను. పొద్దున లేస్తే తిట్టేవాణ్ణి. చేతిలోకి వచ్చినదాన్ని నీకు నువ్వే ఇచ్చుకోనివాడివి, నాకేం ఇస్తావులే!"

"ఇవ్వను."

"తెలుస్తా ఉంది. ఆ కలం ఇటివ్వు. సాక్షి సంతకం ఒకటి కావాలి గదా, కొట్టేసినా."

ఎల్వుడ్ సంతకం పెట్టాడు. పెట్టి, గిన్నె ముందుకు తోసి, ఇంకాస్త పులుసు పొయ్యమన్నాడు. థర్మన్ లేచి ఎడమచేత్తో గరిటె తీసుకున్నాడు. సగం పులుసు గిన్నెలో, సగం బల్ల మీద పడింది.